బిందెడు సముద్రం

రిటైరైన మనిషికి దొరికే సుఖాల్లో మొదటిది రెండో కాఫీ. ముప్పై ఏళ్ళు ఒక్క కాఫీతో పరుగెత్తినవాణ్ణి నేను. కృష్ణపట్నానికి కాస్త ఎగువన, బకింగ్‌హాం కాలువ మీద, ఒక లాకు దగ్గర నా చివరి ఇరవై ఏళ్ళ ఉద్యోగం. పడవ వస్తే తలుపులు తీయించాలి, దాటాక మూయించాలి. సముద్రం పోటు మీద ఉంటే ఉప్పునీళ్ళు కాలువలోకి ఎక్కుతాయి, పాటు మీద ఉంటే దిగిపోతాయి. రోజుకు రెండుసార్లు ఆ నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. పోటు నా కాఫీ కోసం ఆగేది కాదు. అందుకని రిటైరయ్యాక అదే ఊళ్ళో ఒక పెంకుటిల్లు తీసుకుని, రోజూ రెండో కాఫీని చల్లారిపోయేదాకా తాగడం మొదలుపెట్టాను.

రెండో సుఖం సాయిబు గారి అంగడి. పడవలకు మోకులు, వలలకు నూలు అమ్మేవాడాయన. నెల్లూరు నుంచి బస్సులో పేపరు మధ్యాహ్నానికి ఆయన అంగడికి చేరేది. నేను పైకి చదివి ప్రతి వార్తనూ తిట్టేవాణ్ణి, ఆయన వింటూ మోకు చుట్టుకునేవాడు. దారిలో లాకు దగ్గర ఆగి, నా తరువాత వచ్చిన కుర్ర ఉద్యోగి తలుపులు తీయించే పద్ధతిలో తప్పులు పట్టడం కూడా ఇందులోనే జమ. అతను నన్ను చూసి దణ్ణం పెట్టేవాడు గాని లోపల ఏమనుకునేవాడో నాకు తెలుసు.

మూడోది సముద్రం. దినం తప్పి దినం సాయంత్రంపూట నేనూ సాయిబు గారూ సైకిళ్ళ మీద మూడు మైళ్ళు పోయి, ఇసక మొదలయ్యే చోట వాటిని పడేసి, ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఇంటికొచ్చాక అన్నం తింటూ ఆ రోజు సముద్రం ఎట్లా ఉందో నా భార్యకు చెప్పేవాణ్ణి. రంగు ఏమిటి, అల ఎక్కడిదాకా వచ్చింది, ఏ పడవ తిరగబడింది. ఆమె "అట్నా" అంటూ వినేది. మధ్యలో అడిగేది కూడా, "అవతల గట్టు బొత్తిగా కనపడదా?" అని. తెలిసిన విషయం మళ్ళీ మళ్ళీ అడుగుతుందేమిటని నేను విసుక్కునేవాణ్ణి.

రిటైరైన రెండో ఏడు మాఘమాసంలో మా తోడల్లుడు వచ్చాడు. అంటే నా భార్య అక్కగారి భర్త. గుంతకల్లులో రైల్వే గార్డుగా చేసి ఆయన కూడా అప్పటికే రిటైరయ్యాడు. కూతురి పురిటికని మా వదినగారు అక్కడే ఉండిపోయింది. నాకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు, మాటకారి. నేను ఏం చెప్పినా దానికి గుంతకల్లులో ఇంకా పెద్దది ఒకటి ఉండేది ఆయనకు. చుట్టాలకు ఊరు చూపించడం నాలుగో సుఖం అని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన వచ్చిన తెల్లవారే ఆ అభిప్రాయం సగం పోయింది.

మొదటిరోజు లాకు చూపించాను. ఉప్పు పడవ ఒకటి లోపలికి వచ్చి, తలుపులు మూసుకుని, నీళ్ళు మెల్లగా లేచి, పడవ పైకి తేలుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆయన గడియారం చూసుకున్నాడు.

"ఇంతసేపట్లో మా యార్డులో నాలుగు గూడ్సులు పోతాయి తమ్ముడూ" అన్నాడు.

"మీ గూడ్సు నీళ్ళమీద పోతుందా అన్నా?" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడోరోజు బస్సెక్కించి దొరవారిసత్రం వైపు తీసుకుపోయాను. అక్కడ ఒక చెరువులో చెట్లనిండా గూడబాతులు వచ్చి పిల్లలు పెడతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని అదిలించనివ్వరు, దగ్గర్లో టపాకాయ కాల్చనివ్వరు. ఆ పిట్టల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పారితే వరి బాగా పండుతుందని వాళ్ళ నమ్మకం. మా తోడల్లుడు గట్టుమీద నిలబడి గుంతకల్లు కొంగల గురించి గొంతెత్తి మొదలుపెట్టేసరికి, గొడ్లు కాసుకుంటున్న ముసలాయన ఒకడు వచ్చి, "అయ్యా, మెల్లంగా మాట్లాడండి, తల్లులు పొదిగుండాయి" అన్నాడు. ఆయన టక్కున నోరు మూశాడు. నా ఉద్యోగంలో ప్రమోషను వచ్చినరోజు కూడా నాకు అంత ఆనందం కలగలేదు.

సముద్రాన్ని మాత్రం మాఘపౌర్ణమికి దాచిపెట్టాను. ఆ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ బండ్లు కట్టుకుని సముద్రస్నానానికి కదులుతాయి. ఆయన అప్పటిదాకా సముద్రం చూడలేదు. చూసి నోరెళ్ళబెడితే చూడాలని నాకు మహా కోరికగా ఉండేది.

ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టకముందే భోజనాలకు కూర్చున్నాం. వంకాయా రొయ్యలూ కూర. ఆయన రెండోసారి వడ్డించుకుని, "అమ్మాయ్, రేపు నువ్వు కూడా రావాల. మరదలు లేకుండా నేను బండెక్కేది లేదు" అన్నాడు.

"నేనెందుకు బావా? మీరిద్దరూ పోయిరాండి."

"అవున్లే. నువ్వు రోజూ చూసే సముద్రం. మొగం మొత్తింటాది."

నా భార్య చారు గిన్నె అందుకుంటూ మామూలుగా అంది. "నేనెప్పుడు చూసినాను బావా? నేను సముద్రం చూళ్ళేదు."

ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది. నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. మేము ఆ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు. తూర్పుగాలి తిరిగితే ఆ హోరు మా వంటింట్లోకి వినిపిస్తుంది.

"చూడకపోవడమేంది? పక్కింటోళ్ళతో పోలేదా?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"వాళ్ళు పిలిచినారు. పౌర్ణమి రోజున మీకు లాకులో పడవలెక్కువ. క్యారియరు పంపాల గదా. నేను పోతే మీకు అన్నం ఎవరు పంపిస్తారు?"

ఫిర్యాదు చేసినట్టు లేదు. ఉన్నమాట చెప్పింది. నేను లెక్క వేసుకున్నాను. మాఘపౌర్ణములు, కార్తీక పౌర్ణములు, గ్రహణాలు. అన్నిటికీ నాకు టిఫిను క్యారియరు వేళకు వచ్చింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఎందుకు తప్పలేదో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. దినం తప్పి దినం ఆమెకు సముద్రం కబుర్లు చెప్పిన మనిషిని, ఆమె ఆ మూడు మైళ్ళు ఎప్పుడూ నడవలేదని తెలుసుకోలేకపోయాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

"ఏంది తమ్ముడూ ఇది?" అన్నాడు మా తోడల్లుడు. ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

నా తరపున ఆమె చెప్పింది.

"ఆయన్నేమీ అనబాకండి బావా. నన్ను తీసుకుపోకపోతేనేం, సముద్రాన్నే నా కోసం ఇంటికి తెచ్చినారు. ఏడు మాఘాలు. ఒక్క ఏడు తప్పలేదు."

అంత గర్వంగా ఆమె నా గురించి మాట్లాడ్డం నేనెప్పుడూ వినలేదు.

జరిగింది ఇది. ఆ రోజుకి పదహారేళ్ళ కిందట ఆమె ఏదో మొక్కుకుంది. ఏడు మాఘపౌర్ణములు సముద్రస్నానం చేయాలని. పోవడానికి కుదరకపోతే, భర్త సముద్రపు నీళ్ళు బిందెతో తెచ్చి ఇస్తే ఇంట్లో పోసుకున్నా సరిపోతుందని పురోహితుడు చెప్పాడట. ఇత్తడి బిందె ఒకటి పసుపు రాసి నా చేతికిచ్చింది. మొక్కు దేనికని నేను అడగలేదు. ఆడవాళ్ళకు వందుంటాయి అనుకున్నాను. ఆ పౌర్ణమినాడు లాకులో పడవ మీద పడవ. పొద్దు వాలేవేళకు గాని బిందె గుర్తుకు రాలేదు. సముద్రం మూడు మైళ్ళు. కాలువ నా కాళ్ళ దగ్గర. పోటు మీద వచ్చేదీ సముద్రపు నీళ్ళే గదా! ఎవరూ చేయని తెలివైన పని చేస్తున్నాననుకుంటూ, పోటు నిండుగా ఉన్నవేళ చూసి మరీ బిందె కాలువలో ముంచాను. ఆమె ఆ బిందెకు దణ్ణం పెట్టి, తలమీద పోసుకుంది. మరుసటి ఏడు ఆలోచించే పని కూడా లేకపోయింది. ఏడేళ్ళూ అంతే. ఆ తరువాత ఆ సంగతి నేను పూర్తిగా మరిచిపోయాను.

మా తోడల్లుడు ఇక ఊరుకోడు, రేపు ఆమె సముద్రంలో దిగబోతోంది. ఒక్క చుక్క నోట్లోకి పోతే చాలు. కాలువ నీళ్ళ ఉప్పుకీ సముద్రపు ఉప్పుకీ ఉండే తేడా ముప్పై ఏళ్ళు నీళ్ళు చూసినవాడు చెప్పక్కర్లేదు, నాలుకే చెబుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే. అది పోబోతోంది.

ఆపడానికి నేను చేయని ప్రయత్నం లేదు. చలి అన్నాను. జనం తొక్కిడి అన్నాను. ఇసకలో నడవలేవు, మోకాళ్ళు పట్టుకుంటాయి అన్నాను. అప్పటికామె మోకాళ్ళకు ఏ జబ్బూ లేదు. మా తోడల్లుడు నావైపు ఒక చూపు చూసి, లేచిపోయి పక్కవీధిలో బండి మాట్లాడి వచ్చాడు.

తెల్లవారి బండిలో ఆమె బియ్యం బస్తాలా బిగుసుకుని కూర్చుంది. చేతిలో పసుపూ కుంకుమా, మారుచీర. బండి దిగి, సరుగుడు తోట దాటి ఇసక దిబ్బ ఎక్కగానే ఆమె ఆగింది. మా తోడల్లుడు నేననుకున్నట్టే నోరెళ్ళబెట్టాడు. మూడు రోజులుగా నేను ఎదురుచూసిన ముహూర్తం అదే. నేను ఆయన్ను చూడనే లేదు. ఆమెను చూస్తున్నాను.

సముద్రం మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "మీరు చెప్పినట్టే ఉండాది. అంతా అట్నే ఉండాది."

ఆ మాటకు నేను ఆనందపడాలి. ఏడుపొచ్చింది.

"కాళ్ళు తడుపుకో, చాలు. మునగబాక" అన్నాను. ఆమె వినిపించుకోలేదు. చెంగు నడుముకు దోపుకుని, పసుపు కుంకుమలు నీళ్ళలో వేసి, దణ్ణం పెట్టి, మోకాళ్ళలోతుకి పోయింది. అల ఒకటి వచ్చి ఆమెను నిలువునా కప్పేసింది. లేచి, దగ్గి, ఉమ్మింది. మా తోడల్లుడు "భద్రం అమ్మాయ్!" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. వేలు నీళ్ళలో ముంచి నాలుకమీద పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది. తరువాత నావైపు తిరిగింది.

"ఇదేంది ఇంత ఉప్పు?"

"సముద్రం గదా" అన్నాను.

"మీరు తెచ్చింది ఇట్లా లేదే. నా పెదాలకు తగిలేది. కూరలో వేసినంతుండేది."

"ఒక్కో ఏడు ఒక్కోరకంగా ఉంటాది" అన్నాను. అంత పసలేని అబద్ధం నా జన్మలో ఇంకొకటి ఆడలేదు.

ఆమె ఆలోచించింది. ఆమె ఆలోచిస్తుంటే నా కాళ్ళకింద ఇసకను అల లాక్కుపోతోంది.

"అందుకే దొడ్లో నా కనకాంబరాలు చావలేదు" అంది మెల్లగా. "వాటి పక్కనున్న స్నానాల బండ మీదే గదా పోసుకునేదాన్ని. సముద్రపు నీళ్ళు పారితే చెట్టు చావాల. చావలేదంటే దేవుడి మహిమ అనుకున్నాను. అందరికీ చెప్పుకున్నాను. కాలవ నీళ్ళా?"

నేను తల ఊపాను.

"ఏడేళ్ళూ?"

మళ్ళీ ఊపాను. మా తోడల్లుడు మెల్లగా దూరం జరిగి, ఎన్నడూ చూడనంత శ్రద్ధగా ఒక గవ్వను చూడసాగాడు.

అప్పుడు చెప్పింది, ఆ మొక్కు దేనికో. నాకు టైఫాయిడు వచ్చిన ఏడు అది. నలభై రోజులు మంచంమీద ఉన్నాను. నాకు జ్ఞాపకం ఉన్నది తడిగుడ్డ, బార్లీ నీళ్ళు, అంతే. నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు ఆమెను వసారాలోకి పిలిచి, ఆశపెట్టుకోవద్దని చెప్పిపోయాడట. నాకు ఆ సంగతే తెలియదు. ఆయన బండి మలుపు తిరగకముందే, హోరు వినిపిస్తున్న దిక్కుకు తిరిగి ఆమె మొక్కుకుందట. మొక్కు తీరేదాకా దేనికో పైకి చెప్పకూడదు. తీరాక చెప్పుకోవడానికి ఏముందని ఊరుకుందట.

నా ప్రాణం కోసం మొక్కిన మొక్కును నేనే, నా చేతులతో, ఏడుసార్లు కాలువలో ముంచాను. ఏదో ఒకటి అనాలి గదా అని, చచ్చు తెలివితేటలు నన్ను వదలవు గదా, ఇట్లా అన్నాను.

"అయినా నేను బతికే ఉండానుగా. అంటే కాలవ నీళ్ళు కూడా చెల్లినట్టే."

"నోరు ముయ్యండి" అంది.

పెళ్ళైనప్పటినుంచి ఆమె నన్ను ఆ మాట అనలేదు. మా ఇంట్లో ఆ మాట అనే హక్కు నాది. నేను నోరు మూసుకున్నాను. తోడల్లుడి ముందర అన్నదన్న రోషం కూడా రాలేదు. ఆమె సముద్రంవైపు తిరిగి, ముక్కు పట్టుకుని, మూడు మునకలు వేసింది. బయటికి వచ్చింది. చీర పిండుకుంటూ, నన్ను చూడకుండా, "ఒకటి" అంది.

"ఏంది ఒకటి?"

"ఇంకా ఆరుండాయి. మీరే తీసుకురావాల. అందాకా మీకేమన్నా అయితే నేను ఒప్పుకోను."

ఇంటికొచ్చి నాకు కాఫీ ఇచ్చింది. నేను అడక్కుండానే రెండోది కూడా ఇచ్చింది. అరిచి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ రెండో కాఫీ మాత్రం తాగలేకపోయాను.

సాయిబు గారికి చెబితే మోకు చుట్టడం ఆపేశాడు. "వదినమ్మకు అంత మోసం చేసినావా అన్నా?" అని, మూడు రోజులు నాచేత పేపరు చదివించుకోలేదు. మా తోడల్లుడైతే ప్రతి మాఘానికీ గుంతకల్లు నుంచి దిగబడడం మొదలుపెట్టాడు. సాక్షి లేకుండా నన్ను నమ్మకూడదట. ఆమె మునగడం, లేవడం, ఆయన వేళ్ళు మడవడం. రెండు, మూడు, నాలుగు. ఈ మధ్యలో ఒక తుపాను కాలువ గట్లు తెంపేయడంతో పడవలు పలచబడ్డాయి. లాకు దగ్గర తప్పులు పట్టడానికి పని కూడా పెద్దగా మిగల్లేదు. అయిదు, ఆరు. ఆ ఆరేళ్ళలో నాకు జలుబు చేసినా ఆమె కళ్ళలో భయం కనిపించేది. ఆ భయం చూశాక గొంతుకు మఫ్లరు కట్టుకోవడం నేర్చుకున్నాను.

ఏడో మాఘానికి నేను అబద్ధంగా చెప్పిన జబ్బు నిజంగా వచ్చింది. ఆమె మోకాళ్ళు వాచి గడప దాటడం కష్టమైంది. మా తోడల్లుడికి ఒంట్లో బాగాలేదని కార్డు వచ్చింది. ఈ ఏటికి ఆగి, మోకాళ్ళు బాగయ్యాక పోదామన్నాను.

"తప్పకూడదు" అంది. అటకమీదున్న ఇత్తడి బిందె దించమంది. చింతపండు పెట్టి తోమి, పసుపు రాసి, నా చేతికిచ్చింది. "మీరే పోయి తెచ్చిపెట్టండి."

నేను బిందెనూ ఆమెనూ మార్చి మార్చి చూశాను. ఇంత జరిగాక కూడా నా చేతికే ఇస్తుందని నేననుకోలేదు.

"సాయిబు గారిని కూడా తీసుకుపోనా?" అన్నాను.

"ఎందుకు?" అంది.

ఒక్కణ్ణే పోయాను. బిందె సైకిలు వెనక కట్టుకుని లాకు మీదుగా పోతుంటే కుర్ర ఉద్యోగి పలకరించి, నీళ్ళకా అన్నాడు. కాలువ నిండా పోటు నీళ్ళు. ఆగలేదు. వచ్చేటప్పుడు నిండు బిందెతో సైకిలు తొక్కలేక మూడు మైళ్ళూ నడిపించుకుంటూ వచ్చాను. మూతికి అరిటాకు కట్టినా చొక్కా ఒక పక్కంతా తడిసి, ఉప్పు తేలి, ఒళ్ళు చురచురలాడింది. నాకప్పుడు అరవై నాలుగు. ఇంటికి వచ్చేసరికి బిందె ముప్పాతిక మిగిలింది.

ఆమె స్నానాల బండ మీద పీట వేసుకుని కూర్చుని ఉంది. బిందె ముందు పెట్టి, "నాలుకమీద వేసి చూడు" అన్నాను.

"అక్కర్లా."

"చూడు. ఒక్క చుక్క."

ఆమె చూడలేదు. బిందెకు దణ్ణం పెట్టి, నన్నే ఎత్తి పోయమని తల వంచింది. బిందె రెండు చేతులా ఎత్తి వంచాను. సగం నీళ్ళు ఆమె తలమీద, సగం బండమీద పడ్డాయి. కళ్ళు మూసుకునే "ఏడు" అంది.

నాలుగో రోజు పొద్దున రెండో కాఫీ తాగుతుంటే దొడ్లోంచి పిలిచింది. కర్ర పట్టుకుని నిలబడి ఉంది. బండ పక్కన కనకాంబరాలు వేళ్ళదాకా మాడిపోయి ఉన్నాయి. ఆమె ఆ ఎండిన చెట్లను నాకు చూపించి, గట్టిగా నవ్వింది.